దొరకని జీవిని ఫోటో తీసే గేమ్: కనపడే ఛాన్స్ పెంచకు, జాడలు పెంచు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయనగరంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ ఒక్కడివే ఓ గేమ్ కడుతున్నావు. పాత కోట కింద నేలమాళిగలు, సొరంగాలు. చేతిలో కత్తికి బదులు కెమెరా. అక్కడ నక్కి ఉండే ఏడు రకాల జీవుల్ని ఫోటో తీసుకుని పైకి రావాలి. ప్రతి 20 సెకన్లకీ పాచిక వేసి, 8 శాతం ఛాన్స్‌తో జీవిని పుట్టిస్తున్నావు. ఆడిచూసిన హాస్టల్ స్నేహితులు పది నిమిషాలకే "ఇది లాటరీరా" అని వదిలేస్తున్నారు. 8ని 20 చేస్తే సరిపోతుందా, ఫోటోకి మార్కులు ఎలా వెయ్యాలి, నా పాత లాప్‌టాప్‌తో ఇది అవుతుందా అని అడిగావు.

సూటిగా చెప్పేస్తాను. ఛాన్స్ పెంచకు, లాటరీనే తీసెయ్. జీవి ఎప్పుడూ ఆ నేలమాళిగలో ఎక్కడో ఒకచోట ఉండాలి. తింటూనో, పడుకునో, నీ ఆటగాణ్ణి చాటునుంచి చూస్తూనో. అది దొరకడం లేదంటే దాని అలవాటు ఆటగాడికి ఇంకా అంతుపట్టలేదని అర్థం రావాలి. మార్కులు కూడా ఫోటో ఎంత అందంగా వచ్చిందని కాకుండా, దానివల్ల కొత్తగా ఏం తెలిసిందని చూసి వెయ్యి. లాప్‌టాప్ సంగతి చివర్లో చెప్తాను, దానికి భయం లేదు.

నా గురించి రెండు ముక్కలు. ఉండేది శ్రీకాకుళం. హైదరాబాద్‌లో ఓ స్టూడియోలో కొన్నేళ్లు మొబైల్ గేమ్‌లకి కోడ్ రాశాను. ఇప్పుడు ఇంటి దగ్గర్నుంచే పని. సొంతంగా రెండు చిన్న గేమ్‌లు వదిలాను. అందులో మొదటిది ఇంచుమించు నీదే, కాబట్టి నీ స్నేహితులు అన్న మాట నేనూ పడ్డాను.

ముందు లెక్క చూడు. 20 సెకన్లకోసారి 8 శాతం అంటే ఐదు నిమిషాల్లో 15 పాచికలు. 15 సార్లూ జీవి రాకపోయే అవకాశం 0.92ని 15 సార్లు హెచ్చవేస్తే వస్తుంది, దాదాపు 29 శాతం. అంటే వందమందిలో 29 మంది ఐదు నిమిషాలు ఖాళీ గోడలు చూస్తూ తిరుగుతారు. పది నిమిషాలైనా ఏమీ చూడనివాళ్లు ఎనిమిది మంది ఉంటారు. ఛాన్స్ 20 చేస్తే ఆ ఎనిమిది మందీ తగ్గుతారు, నిజమే. కానీ అప్పుడు ఇంకో రోగం పట్టుకుంటుంది: ఆటగాడు గుమ్మం దగ్గరే టీ తాగుతూ కూర్చుంటాడు, జీవే వస్తుంది. నా గేమ్‌లో సరిగ్గా అదే జరిగింది. నేలమాళిగలో పదకొండు గదులు కట్టాను. బాగా ఆడేవాళ్లందరూ మొదటి గది దాటలేదు! తిరిగితే లాభం లేదని వాళ్లకి తెలిసిపోయింది. తప్పు వాళ్లది కాదు కదా.

లాటరీ తీసేశాక ఏం పెట్టాలో నాకు కంప్యూటర్ దగ్గర తట్టలేదు. అమ్మమ్మగారింట్లో తట్టింది. ఆ కథ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువు. నీ గేమ్‌కి కావలసింది దాదాపు అంతా అందులోనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర, పాత పెంకుటిల్లు. 2016 ఎండాకాలం. రాత్రుళ్లు అటక మీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. మా వైపు మానుపిల్లి అంటాం, పేపర్లో పునుగుపిల్లి అని రాస్తారు. కొత్త కెమెరా కొన్న ఊపులో ఉన్నాను, ఎలాగైనా దాన్ని ఫోటో తియ్యాలనుకున్నాను. మొదటి మూడు రాత్రులూ నడవలో మంచం వేసుకుని, కెమెరా పొట్టమీద పెట్టుకుని అటకకేసి చూస్తూ పడుకున్నాను. చప్పుడు వినపడేది, నేను లేచేసరికి ఆగిపోయేది. నాలుగోనాడు అమ్మమ్మ తమలపాకు నవుల్తూ, "నువ్వలా గుమ్మంలో కూకుంటే అదేల వస్తాదిరా? అది నడిసిన కాడ సూడు, నువ్ పడుకున్న కాడ కాదు" అంది.

మర్నాడు పగటిపూట చూశాను. పెరటి ప్రహరీ మీద, ఒకే చోట, ఎండిపోయిన రెట్ట. దాన్నిండా ఈతపళ్ల గింజలు. అటక మీదున్న దూలం ఒకపక్క నున్నగా అరిగి ఉంది, మిగతా దూలాల మీదేమో వేలితో రాస్తే పేరు పడేంత దుమ్ము. పైకప్పుకి ఆనుకుని ఓ కొబ్బరిచెట్టు. చెట్టు మీదనుంచి కప్పు, కప్పులో జారిన పెంకు, అక్కణ్ణుంచి దూలం. దాని దారి మొత్తం కళ్లముందు గీత గీసినట్టు కనపడింది. ఇన్నాళ్లూ నేను దాని పడగ్గది కింద కాపు కాశాను. అది బయటికెళ్లే గుమ్మం వెనకవైపు ఉంది.

ఆ తర్వాత కూడా వెంటనే దొరకలేదు. పెరట్లో బావి చప్టా మీద కూర్చుంటే నా వాసన పట్టిందో, టార్చి చూసిందో, రెండు రాత్రులు వృథా. ఏడో రాత్రి టార్చి ఆర్పేసి, గోడకి నీడలా ఆనుకుని కూర్చున్నాను. కొబ్బరిమట్ట ఒకటి గాలి లేకుండా కదిలింది. షట్టర్ నొక్కాను. ఫోటోలో పడింది సగం తోక, ఒక వెనక కాలు. మిగతా అంతా చీకటి.

ఏ గేమ్ లెక్కలో చూసినా ఆ ఫోటోకి సున్నా మార్కులే. ముఖం లేదు, మధ్యలో లేదు, ఫోకస్ కూడా కొంచెం పోయింది. కానీ ఆ రాత్రి నేను ఇంట్లోవాళ్లందర్నీ లేపి చూపించాను, తిట్లు కూడా తిన్నాను. నీ ఆటగాడికి అలాంటి ఫోటో పడ్డప్పుడు గేమ్ "5/100" అని చూపిస్తే వాడు ఎంత చిన్నబోతాడో ఆలోచించు.

ఇప్పుడు ఇందులోంచి పనికొచ్చేవి తీస్తాను.

ఒకటి: జీవి కన్నా ముందు జాడ కనపడాలి. నేను వాడే కొండగుర్తు ఏంటంటే, ఆటగాడు జీవిని చూసేలోపు దాని జాడ కనీసం మూడు చోట్ల చూసుండాలి. ఒక జాడ ఏం తింటుందో చెప్పాలి, ఒకటి ఎటు తిరుగుతుందో చెప్పాలి, ఒకటి దేనికి బెదురుతుందో చెప్పాలి. జాడ అంటే బాణంగుర్తు కాదు. కొత్తగా చేసేవాళ్లు నేలమీద మెరిసే పాదముద్రలు పెట్టేస్తారు, ఆటగాడు బుర్ర పక్కన పెట్టి వాటి వెంట నడుస్తాడు. నా అరిగిన దూలంలా ఉండాలి. చూసినవాడికే తెలియాలి, చూడనివాడికి మామూలు దూలమే. రెండో గేమ్‌లో ఒక జీవికి నేను పెట్టిన జాడ సాలెగూళ్లు లేకపోవడం. సొరంగం అంతా బూజు, ఒక్క మలుపులో మాత్రం నడుమెత్తు వరకూ శుభ్రంగా ఉంటుంది. అది కనిపెట్టిన కుర్రాడొకడు అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టాడు. ఆ గేమ్‌కి వచ్చిన డబ్బు కన్నా ఆ మెసేజ్ ఎక్కువ గుర్తుంది.

రెండు: పారిపోయే ముందు సైగ ఉండాలి. చలికాలం ఆదివారాలు నేను టెక్కలి పక్కన తేలినీలాపురం వెళ్తుంటాను. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్లమీదే గూళ్లు పెట్టుకుంటాయి. వాటిని తియ్యడంలో కష్టం లేదు. దారిలో పొలంగట్టు మీదుండే గుడ్డికొంగ దగ్గరే పాఠం ఉంది. మట్టి రంగులో ముడుచుకుని కూర్చుంటుంది. నువ్వు దగ్గరికెళ్తే వెంటనే ఎగరదు. ముందు మెడ సాగుతుంది. అక్కడ ఆగిపోయావా, కాసేపటికి మెడ మళ్లీ ముడుస్తుంది. ఇంకో అడుగు వేశావా, తెల్లటి రెక్కలు విప్పుకుని ఎగిరిపోతుంది. నీ జీవులకి ఈ మెడ సాచే దశ లేదనుకుంటాను. కనపడటం, మాయమవడం, రెండే ఉన్నాయి. మధ్యలో ఒకటిన్నర, రెండు సెకన్లు అనుమానం దశ పెట్టు. ఆటగాడు ఆగితే బెదురు తగ్గాలి. మంచి ఫోటోలు ఆ రెండు సెకన్లలోనే పడతాయి.

కోడ్‌లో ఇదేం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్రతి జీవికీ బెదురు అని ఒక అంకె, సున్నా నుంచి వంద. పరుగు చప్పుడు 12 మీటర్ల దాకా, నడక 5 మీటర్ల దాకా, వంగి నడిస్తే ఒకటిన్నర దాకా వినపడేలా నేను పెట్టాను. టార్చి వెలుగు నేరుగా మీద పడితే బెదురు గబగబా పెరుగుతుంది. కదలకుండా ఉంటే నెమ్మదిగా దిగుతుంది. 40 దాటితే మెడ సాస్తుంది, 80 దాటితే పోతుంది. అంకెలు నీ గదుల సైజుని బట్టి మార్చుకో. ఒక్క జాగ్రత్త: పారిపోయిన జీవిని మాయం చెయ్యకు. అది పరుగెత్తి వేరే గదికి చేరాలి, ఆటగాడు వెతికితే అక్కడ ఉండాలి. ఒకసారి మాయమైతే చాలు, నీ గేమ్ మీద నమ్మకం పోతుంది.

మూడు: మార్కుల బదులు నోటుబుక్. ఫోటో గేమ్ అనగానే అందరూ 1999లో వచ్చిన పోకెమాన్ స్నాప్ లెక్కని పట్టుకుంటారు. ఫ్రేమ్‌లో సైజెంత, పోజేంటి, మధ్యలో పడితే రెట్టింపు. ఆ గేమ్‌కి అది చక్కగా కుదిరింది, ఎందుకంటే అక్కడ ఆటగాడు బండిలో కూర్చుని పట్టాల మీద వెళ్తాడు. ఎక్కడ నిలబడాలన్నది వాడి చేతిలో లేదు, ఎప్పుడు నొక్కాలన్నదే ఉంది. నీ గేమ్‌లో వాడు నేలమాళిగంతా సొంతంగా తిరుగుతాడు. అక్కడ సైజుకి మార్కులిస్తే జీవి మీదకి ఎగబడి ముఖంలో కెమెరా పెట్టడమే ఆట అయిపోతుంది.

నేను చేసింది ఇదీ. ప్రతి జీవికీ నోటుబుక్‌లో ఒక పేజీ, పేజీలో నాలుగైదు ప్రశ్నలు. ఎక్కడ పడుకుంటుంది? ఏం తింటుంది? ఎటు తిరుగుతుంది? తన జాతిదే ఇంకోటి కనపడితే ఏం చేస్తుంది? దేనికి బెదురుతుంది? ఫోటో తీసిన క్షణంలో జీవి ఏ పనిలో ఉందో నీ కోడ్‌కి ఎలాగూ తెలుసు. ఆ పనికి సరిపడే ప్రశ్న ఎదురుగా ఫోటో అతుక్కుంటుంది. తోక మాత్రమే పడ్డా, అది దాని దారిని చూపిస్తే "ఎటు తిరుగుతుంది" అన్న గడి నిండుతుంది. అందమైన ఫోటో కావాలనుకునేవాడు తర్వాత మళ్లీ వెళ్లి ఆ గడిలో మెరుగైంది పెట్టుకుంటాడు.

ఇంకో చిన్న చేర్పు, ఇది నాకు బాగా ఇష్టం. పేజీ పైన "ఊరి మాట" అని ఒక లైను. తేలినీలాపురంలో ఎవర్నడిగినా ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయంటారు, పేపర్లు కూడా అదే రాస్తుంటాయి. నిజానికి గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ మన దక్షిణాసియా పక్షులే, నీళ్లూ చేపలూ చూసుకుని తిరుగుతుంటాయి. గేమ్‌లో కూడా పైన ఊళ్లోవాళ్లు ఒక్కో జీవి గురించి ఒక్కో మాట చెప్పాలి. కొన్ని నిజం, కొన్ని పుకారు. ఆటగాడి ఫోటో ఒక ఊరి మాటని కొట్టేసినప్పుడు వచ్చే తృప్తి వంద మార్కులకి రాదు. మన దగ్గర ప్రతి కోటకీ ఓ సొరంగం కథ ఉండనే ఉంది. విజయనగరం కోట చుట్టుపక్కల పెద్దవాళ్లని కదిలిస్తే నీకు సాయంత్రానికి ఒక పుస్తకం నిండుతుంది. అందులో నిజమెంతో మనకెందుకు, గేమ్‌కి పుకారే ముడిసరుకు.

ఇక ఫోటోలో జీవి నిజంగా పడిందా లేదా ఎలా తెలుసుకోవాలి? కెమెరా నుంచి జీవి మధ్యకి ఒక రేకాస్ట్ (దారిలో ముందుగా దేనికి తగులుతుందో చెప్పే, కనపడని సూటి గీత) వేసి చూస్తున్నానని రాశావు. నేనూ అలాగే మొదలెట్టాను. ఇనపచువ్వల వెనక నిలబడ్డ జీవిని ఒకమ్మాయి చక్కగా తీసింది. రే మాత్రం సరిగ్గా చువ్వకి తగిలింది. "ఫోటోలో జీవి లేదు" అని వచ్చింది. ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసి, జీవి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి నాకు పంపింది. సమాధానం చెప్పుకోలేకపోయాను.

మంచి పద్ధతి: షట్టర్ నొక్కిన క్షణంలో అదే దృశ్యాన్ని ఒక చిన్న సబ్‌వ్యూపోర్ట్‌లో (ఆటగాడికి కనపడని పక్క తెర), 160×90 సైజులో, ఇంకోసారి గీయించు. అందులో గోడలన్నీ నలుపు, జీవి తల ఎరుపు, ఒళ్లు ఆకుపచ్చ, తోక నీలం. లైట్లు, నీడలు ఏవీ వద్దు. ఆ బొమ్మలో మొత్తం 14,400 పిక్సెళ్లు. ఎరుపెన్ని, ఆకుపచ్చెన్ని లెక్కపెట్టు. 700 పిక్సెళ్లు జీవివైతే ఫ్రేమ్‌లో దాదాపు 5 శాతం దానిది. చువ్వలు అడ్డమున్నా చువ్వల మధ్య కనపడ్డంత మేర లెక్కలోకి వస్తుంది. తల పడిందా, తోకే పడిందా అన్నది కూడా విడిగా తెలుస్తుంది. ఇక్కడ రెండు చోట్ల జారతావు. ఆ చిన్న వ్యూపోర్ట్‌లో పొగమంచు, గ్లో, యాంటీ ఏలియాసింగ్ (అంచుల్ని నునుపు చేసేది) ఆపకపోతే రంగులు కలిసిపోయి లెక్క తప్పుతుంది. పైగా గ్రాఫిక్స్ మెమరీ నుంచి బొమ్మని వెనక్కి చదవడానికి ఒక క్షణం గేమ్ తడబడుతుంది. షట్టర్ పడ్డప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడేలా చేస్తే ఆ తడబాటు అందులో కలిసిపోతుంది, పైగా కెమెరాలా అనిపిస్తుంది.

కెమెరా ఫిల్మ్ రీలు గురించి కూడా చెప్పాలి. నీ గేమ్‌లో ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చన్నావు. వద్దు. పోకెమాన్ స్నాప్‌లో కూడా ఒక విడతకి 60 మాత్రమే. 2024 ఏప్రిల్ 1న వచ్చిన కంటెంట్ వార్నింగ్ అనే గేమ్‌లో కెమెరాలో 90 సెకన్ల ఫిల్మే ఉంటుంది, భూతం ఎదురుగా ఉన్నా ఫిల్మ్ ఎంత మిగిలిందో చూసుకోవాలి. మా చిన్నప్పుడు పెళ్లికి 36 ఫోటోల రీలు తెస్తే, ఎవరి ఫోటో తియ్యాలో పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు. నా గేమ్‌లో ఆటగాడు నేలమాళిగలోకి దిగిన ప్రతిసారీ 12 ఫోటోలే పెట్టాను. తీసిన ఫోటో అక్కడికక్కడే కనపడదు, పైకొచ్చి రీలు కడిగాకే. ఇది అందరికీ నచ్చదు, ముందే చెప్తున్నా. నా గేమ్ ఆడినవాళ్లలో కొందరు దీన్నే తిట్టారు. కానీ చీకట్లో మెట్లెక్కుతూ "పడిందో లేదో" అనుకునే ఆ ఒక్క నిమిషాన్ని నేను తీసెయ్యలేకపోయాను. నువ్వు రెండు రకాలుగా పెట్టి మీ హాస్టల్లోనే ఆడించి చూసుకో.

చీకటి గురించి ఒక చిట్కా. పిల్లి జాతి, పునుగుపిల్లి లాంటివాటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, వెలుగుని వచ్చిన దారినే తిప్పికొడుతుంది. అందుకే టార్చి నడుం దగ్గర పట్టుకుంటే కళ్లు అంతగా మెరవవు, నుదుటి దగ్గర పెట్టుకుని చూస్తే తోటలో ఎక్కడున్నా రెండు చుక్కలు వెలుగుతాయి. గేమ్‌లో టార్చిని నుదుటికి ఎత్తడానికి ఒక బటన్ ఇవ్వు. ఎత్తితే కళ్లు మెరుస్తాయి, కానీ బెదురు కూడా త్వరగా పెరుగుతుంది. లాభం, నష్టం ఒకే బటన్‌లో. ఒకసారి రాత్రి ఏ జీడితోటకో పోయి చూడు, తోడు తీసుకుని వెళ్లు. ఉద్దానం వైపు మాత్రం వెళ్లకు, ఎలుగుబంట్లున్నాయి.

లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు లేదన్నావు. గోడో (Godot) అనే గేమ్ ఇంజిన్ వాడు, అందులో పాత మెషిన్ల మీద కూడా నడిచే కంపాటిబిలిటీ రెండరర్ పెట్టుకో. నేలమాళిగ కాబట్టి గది గదికీ మధ్య మలుపు పెడితే ఒకేసారి రెండు గదుల కన్నా ఎక్కువ గీయక్కర్లేదు. ఇంజిన్ ఉచితం, రాయల్టీ లేదు. జీవుల పేర్లు తెలుగులో పెట్టాలనుందన్నావు, తప్పకుండా పెట్టు. గోడో 4లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే పడతాయి, పాత 3లో చెదిరిపోయేవి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ చాలు. గేమ్‌లు అమ్మే స్టీమ్‌కి ఇప్పుడే 100 డాలర్లు కట్టకు, ముందు ఇచ్ డాట్ ఐఓ (itch.io) సైట్‌లో ఉచితంగా పెట్టి నలుగురి చేత ఆడించు. చేసిన పనిని రోజూ గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే పనిముట్టు) దాచుకో. మన దగ్గర కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా.

అమ్మమ్మగారింటి కథకి ఒక కొసరు ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు వరసలు వరసలుగా పడిపోయాయి. ఇంటి కప్పుకి ఆనుకున్న చెట్టు కూడా పోయింది. తర్వాత అటక మీద చప్పుడు లేదు. మానుపిల్లి చచ్చిపోయిందనే అనుకున్నాం. మరుసటేడు ఎండాకాలం వెళ్తే, పాత ప్రహరీ మీద కాదు, పశువులశాల వెనక రాతిగట్టు మీద మళ్లీ అవే ఈతగింజలు. అదే మానుపిల్లో, దాని కూనో తెలీదు, కొత్త దారి వేసుకుంది.

నా మూడో గేమ్‌లో ఇది పెడుతున్నాను, కావాలంటే నువ్వూ తీసుకో. ఆటగాడు అడ్డొచ్చిన దూలాన్ని విరగ్గొడితే లోపలికి దారి సులువవుతుంది. కానీ ఆ దూలం మీద తిరిగే జీవి, ఆటగాడు మరో రెండుసార్లు దిగేదాకా కనపడదు. తర్వాత ఇంకెక్కడో జాడ మొదలవుతుంది. నోటుబుక్‌లో నింపిన గడి కొట్టివేతతో కనపడుతుంది, మళ్లీ వెతుక్కోవాలి.

ఏడు జీవులు ప్రస్తుతానికి వద్దు. ఒక్క జీవి, నాలుగు గదులు, మూడు జాడలు, 12 ఫోటోల రీలు. అంతవరకూ చేసి బిల్డ్ లింకు ఇక్కడే పెట్టు, ఈ ఆదివారం తేలినీలాపురం వెళ్లడం లేదు, కూర్చుని ఆడి చెప్తాను.